కొన్నాక మాట పడేది ఎవరు?

రెండు మంచి వానలు పడ్డాయి. మునుగోడు వైపు ఒక విత్తనాల దుకాణం ముందు బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. కౌంటర్ మీద మోచేతులు ఆనించి ఒక రైతు అడుగుతున్నాడు.

"అన్నా, ఈసారి ఏది మంచిగ కాస్తది?"

"నీది ఎర్ర చెలకనా, నల్లరేగడా?"

"చెలకనే. నాలుగెకరాలు."

"గిది తీస్కపో. పోయినేడు మీ ఊర్ల శానమంది గిదే పెట్టిండ్రు."

"పైసలు మల్ల, పత్తి అమ్మినంక."

"రాస్తలే."

రెండు నిమిషాల్లో ఎనిమిది ప్యాకెట్లు సంచిలో పడ్డాయి. ఆ ఇంటికి ఏడాది తిండి ఆ సంచిలోనే ఉంది. ఇదే మనిషి బర్రెను కొనాల్సి వస్తే మూడు అంగళ్లు తిరుగుతాడు. పళ్లు చూస్తాడు, పొదుగు పట్టి చూస్తాడు, పొద్దున పిండించి, మళ్లీ సాయంత్రం కూడా పిండించి పాలు కొలుస్తాడు. బర్రె దగ్గర అంత పట్టుదల ఉన్నవాడు పత్తి గింజ దగ్గర రెండు నిమిషాల్లో ఎందుకు తేల్చేశాడు? చదువుకున్నవాళ్లు దీనికి తేలికైన జవాబు చెప్తారు: రైతుకు అవగాహన లేదని. ఆ జవాబు నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

మార్కెటింగ్ పాఠాల్లో కొనుగోలుకు అయిదు మెట్లు చెప్తారు. అవసరం తెలుసుకోవడం, వివరాలు సేకరించడం, పోల్చి చూడటం, కొనడం, కొన్నాక ఎలా ఉందో బేరీజు వేసుకోవడం. మనిషి ఒక చిక్కును ఎలా విప్పుకుంటాడని 1910లో జాన్ డ్యూయీ అనే తత్వవేత్త రాసిన దానికి ఇది వారసత్వం. చెడ్డ పటమేమీ కాదు. అయితే అందులో ఒకే మనిషి ఉంటాడు. వెతికేవాడు, పోల్చేవాడు, డబ్బు కట్టేవాడు, వాడుకునేవాడు అంతా అతనే. మన ఊళ్లలోనే కాదు, పెద్ద పెద్ద కంపెనీల్లోనూ కొనుగోలు అలా జరగదు. ఒకరు చెప్తారు, ఇంకొకరు డబ్బు కడతారు, వాడేది మరొకరు. తేడా వస్తే మాట పడేది వీళ్లలో ఎవరో ఒకరే. ఆ ఒక్కరు ఎవరో తెలిస్తే, పైకి తిక్కగా కనిపించే కొనుగోళ్లు కూడా చాలావరకు అర్థమవుతాయి. ఇల్లయినా, మిల్లయినా, సర్కారు ఆఫీసయినా.

ముందు ఆ పత్తి ప్యాకెట్ సంగతి చూద్దాం.

కొన్ని సరుకులు కొనకముందే తెలిసిపోతాయి. నల్లగొండ బత్తాయిని నొక్కి, బరువు చూసి, తొక్క మీద నిగారింపు చూసి చెప్పొచ్చు. కొన్ని వాడాకే తెలుస్తాయి. ఈ రెండింటి తేడాను 1970లో ఫిలిప్ నెల్సన్ అనే ఆర్థికవేత్త విడమర్చి రాశాడు. మూడేళ్ల తర్వాత డార్బీ, కార్నీ అని ఇద్దరు మూడో రకాన్ని చేర్చారు: వాడిన తర్వాత కూడా తెలియనివి. పురుగు మందు కొట్టాక పురుగు పోయింది. మందుకు పోయిందా, నడుమ పడ్డ వానకు పోయిందా? ఎవరూ చెప్పలేరు. పత్తి గింజ రెండో రకానికీ మూడో రకానికీ నడుమ ఉంటుంది. జూన్‌లో పెడితే కాయ పగిలేది దసరా వేళకు. అప్పుడు కాత తక్కువగా ఉంటే తప్పు గింజదా, ఆగస్టులో పట్టిన వానదా, గులాబీ రంగు పురుగుదా, చెలకదా? నలుగురు నాలుగు మాటలు చెప్తారు. దుకాణంలో ఎంతసేపు నిలబడి ప్యాకెట్ తిప్పి చూసినా ఈ చిక్కు వీడదు. బర్రె దగ్గర మూడు అంగళ్లు తిరిగితే లాభం ఉంది. గింజ దగ్గర తిరిగినా ఒరిగేది లేదు. ఆ రెండు నిమిషాలు బద్ధకం వల్ల వచ్చినవి కావు.

పోనీ ధర ఏమన్నా చెప్తుందా అంటే అదీ చెప్పదు. పత్తి విత్తనానికి కేంద్రం ఏటా గరిష్ఠ ధర ప్రకటిస్తుంది. బీటీ పత్తిలో రెండో తరమైన బీజీ-2 రకం 475 గ్రాముల ప్యాకెట్‌కు 2024లో 864 రూపాయలు, 2025లో 901. ఏ కంపెనీదైనా అంతే. దీని వెనుక మంచి కారణమే ఉంది. బీటీ పత్తి వచ్చిన కొత్తలో ప్యాకెట్ 1,600 దాటి అమ్మేవాళ్లు. 2006లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల మీద విచారణ జరిపే ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా వెళ్లి కొట్లాడి దాన్ని 750కి దింపింది. రైతుకు మేలు జరిగింది, సందేహం లేదు. కానీ అన్ని రకాలకూ ఒకటే ధర అయినప్పుడు "మంచిది కాబట్టే పిరం" అనే గుర్తు మాయమవుతుంది. దాని స్థానంలోకి క్యూ వచ్చింది. ఏ రకం దొరకడం లేదో అది మంచిదన్నమాట. ఏ రకాన్ని దుకాణదారు కౌంటర్ కింద నుంచి తీసి, బిల్లు మీద ఒక ధర, చేతికి ఒక ధర తీసుకుంటాడో అది ఇంకా మంచిదన్నమాట.

గ్లెన్ డేవిస్ స్టోన్ అనే మానవశాస్త్రజ్ఞుడు వరంగల్ జిల్లా పత్తి ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగి 2007లో ఒక పరిశోధన ప్రచురించాడు. ఒక ఏడాది ఊరంతా ఒక రకం వెంట పడుతుంది, మరుసటి ఏడు ఇంకో రకం వెంట, ఈ మార్పులకు పంటలో కనిపించే కారణం పెద్దగా ఉండదు అని అతను గమనించాడు. మార్కెట్లో రకాలు అన్నన్ని ఉండి, ఏటేటా పేర్లు మారిపోతుంటే సొంత అనుభవంతో నేర్చుకునే వీలే ఉండదు. మా వైపు కూడా అంతే. నాలుగెకరాలకు మూడు రకాలు తెచ్చి కలగలిపి పెట్టేవాళ్లు నాకు తెలుసు. ఒకటి పోయినా ఇంకోటి నిలబడుతుందని. నష్టం తగ్గించుకోవడానికి మంచి ఉపాయమే, కానీ ఏ సాలులో ఏ రకం పడిందో దసరా నాటికి ఎవరికి గుర్తుంటుంది?

ఇక ఊరంతా పెట్టిందే పెట్టడంలో ఒక భద్రత ఉంది, అది దిగుబడికి సంబంధించింది కాదు. అందరిదీ పోతే అది కాలం తప్పు. నీ ఒక్కడిదే పోతే అది నీ తప్పు. ఇంట్లో భార్య, పక్క చేను మామ, అప్పిచ్చినాయన, అందరూ అదే అంటారు: "గా కొత్త రకం ఎవడు పెట్టమన్నడు నిన్ను?" డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లో చెప్పింది, వచ్చిన లాభం కన్నా అంతే నష్టం మనిషిని ఎక్కువ కుదుపుతుందని. నష్టం పక్కన మాట కూడా చేరితే ఆ కుదుపు ఎంతుంటుందో వాళ్ల ప్రయోగాల్లో లేదు, మన ఊళ్లో ఉంది.

దుకాణదారు మాట మీద ఎందుకు నమ్మకం? ఉద్దెర వల్ల. ఎనిమిది ప్యాకెట్లకు 7,208 రూపాయలు, పైన ఎరువులు, మందులు, ఆ మీద మిత్తి. ఇదంతా రైతు పత్తి అమ్మినాకే దుకాణదారు చేతికొచ్చేది. పంట పోతే తన పైసలూ పోతాయి కాబట్టి చెడ్డ గింజ ఇవ్వడని రైతు లెక్క. ఆ లెక్కలో నిజముంది. సగమే ఉంది. ఏ కంపెనీ దుకాణదారుకు ఎక్కువ మార్జిన్ ఇస్తుందో, ఏ కంపెనీ టార్గెట్ దాటితే టూరుకు తీసుకెళ్తుందో రైతుకు తెలియదు. పైగా పంట పోయినంత మాత్రాన బాకీ మాఫీ కాదు, వచ్చే ఏటికి మిత్తితో పెరుగుతుంది, ఆ రైతు ఇంకో దుకాణానికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. ఉద్దెర దుకాణదారును రైతుతో కట్టేసినట్టు కనిపిస్తుంది, నిజానికి రైతునే ఎక్కువ కట్టేస్తుంది.

అదే గింజ, ఇంకో కొనుగోలుదారు

ఇప్పుడు అదే గింజను ఇంకో వైపు నుంచి చూడాలి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నడిగడ్డలో, గద్వాల చుట్టుపక్కల, పత్తి విత్తనాన్నే పంటగా పండిస్తారు. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గల్లోంచి కేసరాలు గిల్లేస్తారు. మర్నాడు పొద్దున మగ మొక్కల పూలు తెచ్చి పుప్పొడి అద్దుతారు. ఒక్కో పువ్వుకు ఒక్కోసారి, వారాల తరబడి. ఆ గింజను కొనేది కంపెనీ. నడుమ ఆర్గనైజర్ ఉంటాడు, పెట్టుబడికి అడ్వాన్సు ఇస్తాడు, లెక్కలు రాసుకుంటాడు.

కంపెనీ ఎలా కొంటుంది? గింజ తీసుకుంటుంది, ముందు మొలక పరీక్ష చేయిస్తుంది. తర్వాత జీఓటీ, అంటే ఆ గింజను పొలంలో పెట్టి, మొక్కలు ఎదిగాక అవి నిజంగా ఆ హైబ్రిడేనా, కల్తీ ఎంత అని లెక్కపెట్టే పరీక్ష. దానికి నెలలు పడుతుంది. పాసైతేనే పూర్తి డబ్బు. ఫెయిలైతే ఆ పంట నష్టం పండించినవాడిది, అడ్వాన్సు బాకీ అలాగే ఉంటుంది.

గద్వాలలో కంపెనీ గింజను పరీక్షించి, ఫలితం చూసి, ఆ తర్వాత డబ్బిస్తుంది. మునుగోడులో రైతు అదే గింజకు ముందు బాకీ పడి, ఆ తర్వాత తన పొలంలోనే తన ఖర్చుతోనే పరీక్షిస్తాడు. రెండూ కొనుగోళ్లే. మొదటి దాంట్లో అనుమానం ఖర్చు అమ్మేవాడి మీద ఉంది, రెండో దాంట్లో కొనేవాడి మీద. రెండు చోట్లా అది రైతే. పెద్ద కొనుగోలుదారుకు, చిన్న కొనుగోలుదారుకు అసలు తేడా ఎక్కడుందని నన్నెవరైనా అడిగితే నేను డబ్బు సంగతి ఎత్తను, ఈ గింజ కథ చెప్తాను.

లూజు గింజల గురించి కూడా ఒక మాట. కలుపు మందు తట్టుకునే పత్తికి దేశంలో అనుమతి లేదు, అయినా కవరు మీద పేరు లేకుండా ఊళ్లలోకి వస్తుంది. బిల్లు ఉండదు, అడగడానికి మనిషి ఉండడు. తెలిసీ ఎందుకు కొంటారు? కలుపు కూలీ లెక్క వేసుకోండి, అర్థమవుతుంది. కూలీకి ఇచ్చేది ఖాయంగా పోయే డబ్బు. గింజ మోసం కావడం, కాకపోవడం అదృష్టం. ఎలాగూ బిల్లున్న గింజ విషయంలో కూడా తనను ఎవరూ ఆదుకోలేదని అనుకునేవాడికి, బిల్లు లేకపోవడం పెద్ద లోటుగా అనిపించదు.

మోటరు కాలినప్పుడు

యాసంగి. వరి పొట్ట మీద ఉంది. బోరు మోటరు కాలింది. రైతు దగ్గర ఉన్నది మూడు రోజులు, మహా అయితే నాలుగు. ఈ కొనుగోలులో రాజు మెకానిక్. మోటరు పైకి గుంజేది, వైండింగ్ చేయిస్తే నడుస్తుందా కొత్తది తేవాలా అని తేల్చేది, ఎన్ని హెచ్‌పీ, ఎన్ని స్టేజీలు అని చెప్పేది అతనే. ఏ దుకాణంలో తేవాలో కూడా అతనే చెప్తాడు. అక్కడ అతనికి నూరో, అయిదు నూర్లో ముడుతుందని రైతుకూ తెలుసు. తెలిసీ ఊరుకుంటాడు. ఎందుకంటే ఆ మోటరు మళ్లీ కాలితే రాత్రి పూట ఫోన్ ఎత్తి వచ్చేది అతనే. తను చెప్పిన దుకాణంలో కొనకపోతే, "నువ్వు తెచ్చుకున్నదే కదా" అనేస్తాడు. ఆ అయిదు నూర్లు కమీషన్ అని మనం అంటాం. రైతు దృష్టిలో అది పూచీ కోసం కట్టే ప్రీమియం.

హెర్బర్ట్ సైమన్ అనే ఆయనకు 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మనుషులు అన్నిటికన్నా మంచిదాన్ని వెతకరు, సరిపోయేది కనబడగానే ఆగిపోతారు అని ఆయన చెప్పింది. వెతకడానికి కూడా ఖర్చవుతుంది కదా. పొట్ట మీదున్న వరికి ఒక్కో రోజు ఎంత ఖర్చో తెలిసినవాళ్లకు ఈ సూత్రం విడిగా చెప్పక్కర్లేదు.

ఇదే మోటరు మీద స్టార్ గుర్తులుంటాయి. ఎక్కువ స్టార్లుంటే తక్కువ కరెంటు. రైతు వాటి వంక చూడడు. చూడాల్సిన పని లేదు, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటలు ఉచిత కరెంటు. కరెంటు మిగిలితే లాభం కరెంటు సరఫరా చేసే డిస్కంది, స్టార్ల కోసం పెట్టే అదనపు డబ్బు రైతుది. అతనికి కావాల్సింది వోల్టేజీ ఎగిరి పడ్డా తట్టుకునే రాగి వైండింగు, మండల కేంద్రంలో దొరికే సామాను. అదే మిర్యాలగూడలో మిల్లు యజమాని మోటరు కొనేటప్పుడు చూస్తే, ప్రతి యూనిట్‌కూ బిల్లు కట్టేవాడు కాబట్టి ముందుగా అడిగేదే అది. ఇద్దరిలో ఒకడు తెలివైనవాడు, ఇంకొకడు కాదు అనడానికి ఏముంది? బిల్లు ఎవరి పేరు మీద వస్తుందన్నదే తేడా.

మిల్లు లోపల మూడు కొనుగోళ్లు

వ్యాపారాల కొనుగోళ్ల మీద 1967లో రాబిన్సన్, ఫారిస్, విండ్ అనే ముగ్గురు ఒక విభజన చేశారు. మునుపు కొన్నదే మళ్లీ కొనడం, కాస్త మార్చి కొనడం, మొదటిసారి కొనడం. పాతదే అయినా ఇప్పటికీ దీన్ని మించింది రాలేదని నా అభిప్రాయం. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడలో ఏ రైస్ మిల్లులోకి వెళ్లినా మూడూ ఒకేసారి కనిపిస్తాయి.

రబ్బరు రోల్ సంగతి చూడండి. వడ్ల పొట్టు తీసేది అదే, నిత్యం అరిగిపోతుంటుంది. ఆపరేటర్ చెప్తాడు, గుమస్తా ఫోన్ చేస్తాడు, సాయంత్రానికి వస్తుంది. యజమానికి తెలియనే తెలియదు. కొత్త కంపెనీవాడు వచ్చి మాది పది రూపాయలు తక్కువ అంటే ఆపరేటర్ మొహం చిట్లిస్తాడు. సీజన్ నడుమ రోల్ సరిగా పనిచేయక నూక ఎక్కువైతే తిట్లు తినేది తను, మిగిలిన పది రూపాయలు యజమానివి. కొత్తవాళ్లకు ఈ మిల్లుల్లో అడుగు పెట్టడం ఎందుకంత కష్టమో ఇందులో ఉంది. మీటింగ్ యజమానితో పెట్టుకుంటారు, కానీ అడ్డు ఆపరేటర్ దగ్గరుంది.

రంగు మారిన బియ్యాన్ని ఏరే సార్టెక్స్ మిషన్ అయితే వేరే కథ. లక్షల వ్యవహారం. యజమాని, ఆయన కొడుకు, ఆడిటర్, బ్యాంకు మేనేజర్, మిల్లు ఫిట్టర్ అందరూ ఇందులో ఉంటారు. 1972లో వెబ్‌స్టర్, విండ్ చెప్పిన కొనుగోలు బృందం ఇదే: వాడేవాడు, సలహా ఇచ్చేవాడు, నిర్ణయించేవాడు, కొని తెచ్చేవాడు, గేటు దగ్గర ఆపేవాడు. ఇందులో మనవైపు అదనంగా చేరేది ఇంకో మిల్లు. బ్రోచర్ ఎంత చదివినా, చివరికి తెలిసినవాళ్ల మిల్లుకు వెళ్లి గంటసేపు మిషన్ నడుస్తుంటే నిలబడి చూసి, ఆ ఆపరేటర్‌ను పక్కకు పిలిచి "ఖరాబైతే ఎన్నొద్దులకు వస్తరు వాళ్లు?" అని అడిగి తేల్చుకుంటారు. సర్వీసు ఇంజనీరు హైదరాబాద్‌లో ఉంటాడా, చెన్నై నుంచి రావాలా అన్నది మిషన్ వేగం కన్నా ఎక్కువ బరువు తూగుతుంది.

ఇక మూడోది, వడ్లు. సొంతంగా సన్న వడ్లు కొనేటప్పుడు మిల్లరు పిడికెడు తీసి నలుపుతాడు, నాలుగు గింజలు కొరుకుతాడు, తేమ చూస్తాడు, ధర చెప్తాడు. తేడా ఉంటే ధరలోనే సర్దేస్తాడు. కానీ ప్రభుత్వం కొని మర ఆడించడానికి పంపే వడ్ల దగ్గర అదే మిల్లరు ఇంకో మనిషి అవుతాడు. అక్కడ ధర అతని చేతిలో లేదు, క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇచ్చి తీరాలి. యాసంగి ఎండకు గింజ పగిలి నూక ఎక్కువైనా ఆ లెక్క మారదు. ధరలో సర్దుకోలేనివాడు తూకంలో సర్దుకుంటాడు. తరుగు పేరుతో కోత అక్కడ పుడుతుంది. వడ్ల కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ లోపల ఉందని రాసి పంపిన వడ్లను మిల్లు గేటు దగ్గర తాలు ఉందని ఆపేస్తారు, లారీ కదలదు, రైతు ఫోన్ మోగుతుంది. దీన్ని మిల్లరు దురాశ అని తేల్చేస్తే తేలికే. కొన్నిచోట్ల నిజం కూడా. కానీ తప్పు ఎవరి నెత్తిన పడుతుందో ముందే రాసిపెట్టిన ఏ కొనుగోలులోనైనా, ఆ నెత్తి గలవాడు దాన్ని కిందికి తోయడానికే చూస్తాడు. కింద ఉన్నది ఎప్పుడూ రైతే.

ఫైళ్లు నడిచే చోట ఇదే భయం వేరే వేషం వేస్తుంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల ఫ్యాక్టరీలున్నాయి. మందు కంపెనీ ముడిసరుకు సప్లయర్‌ను మార్చాలంటే శాంపిళ్ల పరీక్షలు, ఫ్యాక్టరీ ఆడిట్, మందు నిలవ సామర్థ్యం మళ్లీ తేల్చడం, నియంత్రణ సంస్థలకు తెలియజేయడం ఉంటాయి. కిలోకు నాలుగు రూపాయలు తగ్గుతుందంటే కొనుగోలు విభాగానికి ఆశే, కానీ క్వాలిటీ విభాగం సంతకం పెట్టాలి. నాలుగు రూపాయల మెచ్చుకోలు ఒకరిది, తేడా వస్తే మాట ఇంకొకరిది. ఆ సంతకం ఎందుకు ఆలస్యమవుతుందో వేరే చెప్పాలా?

సర్కారు ఆఫీసు ఇంకా సూటిగా ఉంటుంది. టెండరులో తక్కువ కోట్ చేసినవాడు ఎల్-1. సర్కారు ఆఫీసులు ఆన్‌లైన్‌లో సరుకు కొనడానికి కేంద్రం 2016లో తెచ్చిన జెమ్ పోర్టల్‌లోనూ మూల సూత్రం చాలావరకు అదే. కాస్త ఎక్కువ పెట్టి మంచి పంపు కొన్న అధికారి ఆడిట్‌లో సంజాయిషీ రాయాలి. చవకది కొని ఆరు నెలల్లో కాలిపోతే ఏమీ రాయక్కర్లేదు, రిపేరు బిల్లు వేరే పద్దులో పడుతుంది. ఆ కుర్చీలో నేను కూర్చున్నా చవకదే కొంటానేమో.

బిల్లు అనే కాగితం

నల్లగొండలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు యాభై వేల వెల్డింగ్ మిషన్ కొన్నది అనుకుందాం. 18 శాతం జీఎస్టీ, తొమ్మిది వేలు, మొత్తం 59 వేలు. షెడ్డుకు జీఎస్టీ నంబరుంటే ఆ తొమ్మిది వేలు తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటుంది. కాబట్టి దాని లెక్కలో మిషన్ యాభై వేలే. ఇంట్లో గేటు పని కోసం కొనే మామూలు మనిషికి మాత్రం 59 వేలు 59 వేలే. అందుకే షెడ్డు యజమాని "బిల్లు పక్కా ఇవ్వు" అంటాడు, మామూలు మనిషి "బిల్లు లేకుంట ఎంతకిస్తవ్" అంటాడు. తొమ్మిది వేలు మిగిలాయని సంతోషపడతాడు. వారంటీ, ఫిర్యాదు, వినియోగదారుల కమిషన్, అన్నిటికీ ఆధారమైన ఒక్క కాగితాన్ని తొమ్మిది వేలకు అమ్మేశాడన్నమాట. కొన్నిసార్లు అది మంచి బేరమే కావచ్చు. కానీ అదొక అమ్మకమని అతనికి తట్టదు.

పన్ను మన కంటికి కనపడకుండా సరుకు ఆకారాన్ని కూడా మారుస్తుంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ. పాతిక కిలోల సంచికి అలవాటు పడ్డ కిరాణా దుకాణాల్లోకి 26 కిలోల సంచులు ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసిందా? ఆ ఒక్క కిలో ఇంటావిడ అడిగి తెప్పించుకున్నది కాదు.

చిన్న పట్నాల్లో ఆన్‌లైన్ సరుకు చేతికి వచ్చాకే డబ్బు కట్టే పద్ధతి ఇంకా పోకపోవడానికి కూడా ఇదే కారణమని నా అనుమానం. ఫోన్ పే లేక కాదు. ఛాయ్‌కి కూడా స్కాన్ చేసేవాళ్లే ఇక్కడికొచ్చేసరికి నగదు అంటారు. డబ్బు చేతిలో ఉన్నంతసేపు మాట మనది.

అన్నిటికన్నా గట్టి లెక్క చూడాలంటే పుట్టింటివాళ్లు ఆడబిడ్డకు పెట్టే ఒడిబియ్యం చీరలు కొనే రోజు గద్వాలో, నారాయణపేటో వెళ్లి ఒక బట్టల దుకాణంలో కూర్చోవాలి. కట్టుకునేది ఆడబిడ్డ, ఎంచేది వదిన, డబ్బు అన్నది, తీర్పు చెప్పేది అత్తగారి వైపు వాళ్లు. చీర నచ్చిందా అన్నది అసలు ప్రశ్నే కాదు. పెద్ద ఆడబిడ్డకు పెట్టినదానికీ చిన్న ఆడబిడ్డకు పెట్టినదానికీ తేడా కనబడకూడదు, పోయినసారి కన్నా తక్కువ అనిపించకూడదు, మరీ ఎక్కువై రేపు తోటికోడలి పుట్టింటికి చిక్కు కాకూడదు. నూలు చీరకు పట్టు అంచు కలిపిన గద్వాల నేత మగ్గం మీదదా, పవర్‌లూమ్‌దా అని తేల్చగలిగేవాళ్లు ఆ గదిలో ఒకరిద్దరే ఉంటారు, మిగతావాళ్లు నమ్మేది దుకాణాన్ని: మా అమ్మ పెండ్లప్పుడు కూడా ఈళ్ల దగ్గరే తెచ్చిండ్రు. ఇంటికొచ్చాక పక్కింటావిడ ఎంతకు తెచ్చినవని అడిగితే రెండు వేలు తగ్గించి చెప్తారు, మంచి బేరం చేశారన్న పేరు కోసం. చుట్టాలకు రెండు వేలు పెంచి చెప్తారు. కొన్నాక మనసుకు నచ్చజెప్పుకోవడం గురించి 1957లో లియాన్ ఫెస్టింజర్ అనే మనస్తత్వవేత్త ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ రెండు ధరల నడుమ ఎక్కడో ఉంది.

విత్తనాల దుకాణానికి తిరిగి వస్తాను, ఎందుకంటే అక్కడ ఒక ముఖ్యమైన తీర్పు ఉంది, దాని కథలో పాలమూరు కూడా ఉంది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ గింజ మొలవలేదని, పంట దెబ్బతిన్నదని రైతులు కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లా వినియోగదారుల ఫోరాలకు వెళ్లి గెలిచారు. కార్పొరేషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వీళ్లు వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారులు కారని వాదించింది. ల్యాబ్ పరీక్ష లేదని వాదించింది. 2012లో సుప్రీంకోర్టు రెండింటినీ తోసిపుచ్చింది. రైతు వినియోగదారుడే, తెచ్చిన గింజనంతా నాటేసే రైతు పరీక్ష కోసం కొంత దాచిపెడతాడని ఆశించకూడదని చెప్పింది. కావాలంటే ఆ గింజను పరీక్షకు పంపమని కోరే అవకాశం కార్పొరేషన్‌కే ఉందని కూడా అన్నది. గద్వాలలో కంపెనీ తనకోసం ఉంచుకున్న పరీక్షను మునుగోడు రైతుకు కొంతైనా అందించిన తీర్పు ఇది. 2019 చట్టం వచ్చాక జిల్లా కమిషన్‌లో 50 లక్షల దాకా కేసులు వేయొచ్చు, అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.

అయితే ఏ గింజను పరీక్షించాలో చెప్పడానికి, అది ఏ విడతదో తెలిపే లాట్ నంబరు కావాలి. అది ప్యాకెట్ మీద ఉంటుంది, బిల్లు మీద ఉండాలి. నగదు అయినా ఉద్దెర అయినా బిల్లు ఇచ్చి తీరాలని 1983 నుంచి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ఉంది. చించిన ప్యాకెట్లు గట్టు మీద వానకు నానుతుంటాయి. దుకాణంలో ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తెరిచి, ఆ రైతు పేరు కింద దుకాణదారు బాల్ పెన్నుతో ఒక వరస రాస్తాడు: పత్తి 8, రూ. 7,208. రకం పేరు రాయడు. లాట్ నంబరుకు ఆ పుస్తకంలో గడి లేదు. మిత్తికి ఉంది.